బసమ్మ చెయ్యి కాదు

తిప్పన్న తోటలో ఆరు పెట్టెల తేనెటీగలు చచ్చిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. అవి ఎందుకు చచ్చాయో ఆ తోటలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు.

ఈ మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. మధ్యలో ఉన్న కాలమంతా వీపు మీద తడిసిన ధాన్యం బస్తా ఉన్నట్టే గడిచింది. దించుదామంటే ఎక్కడ దించాలో తెలియదు. నడుద్దామంటే అది నడవనివ్వదు. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకైతే నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకుంటాను. అలా చూపించుకోవడం నాకు బాగా అలవాటు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తుంగభద్ర కాలువ పారుతోందని విని, అక్కడి కాస్త పొలం అమ్ముకుని, రాయచూరు వైపు తుర్విహాళ దగ్గర ఒక క్యాంపులో దిగాం. మావాళ్ళు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. మా వరిమడిని ఆనుకుని తిప్పన్న తోట. నిమ్మ, మునగ, గట్ల మీద కుసుమ. వాళ్ళు ఇక్కడివాళ్ళు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. మా రెండు కుటుంబాలకీ నీళ్ళు ఒకే తూము నుంచి రావాలి.

బసమ్మ తిప్పన్న తమ్ముడి భార్య. పెళ్ళయిన కొద్దికాలానికే ఆ తమ్ముడు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. పుట్టిల్లు రాయచూరు దగ్గర కల్మల. అయినా ఇక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక పని ఉండటం వల్ల ఉండనిచ్చారు. ఆ పని తేనెపెట్టెలు. మునగచెట్ల కింద ఇటుకల మీద నిలబెట్టిన ఆరు చెక్కపెట్టెలు. ఆమె ముఖానికి గుడ్డ కట్టుకునేది కాదు. చట్రం పైకి తీస్తే ఈగలు ఆమె మోచేతుల దాకా పాకి, మళ్ళీ దిగిపోయేవి. ఏడాదికి రెండుసార్లు తేనె తీసేది. ఆ తేనె వల్ల ఆ ఇంట్లో ఆమె మాటకి కొంచెం విలువ ఉండేది.

నేను రాయచూరులో కొన్నాళ్ళు తేనెటీగల పెంపకం నేర్చుకున్నాను. ముఖ్యంగా నల్లి సంగతి. ఈగలకి పట్టే నల్లి ఎర్రగా, చితికిన ఆవగింజలా ఉంటుంది. అది మగ ఈగల గదుల్లో చేరి పిల్లలు పెడుతుంది. పట్టులో మగ ఈగల గదులు ఉబ్బుగా ఉంటాయి, మూతకి నడిమధ్య సూదిబెజ్జం ఉంటుంది. తుమ్మముల్లుతో ఆ మూత లేపి లోపలున్న తెల్లటి పిల్లని బయటికి లాగాలి. కళ్ళు మాత్రం ఊదారంగుకి తిరిగి, మిగతా ఒళ్ళంతా పాలలా ఉండే పిల్ల. దాని మీద నల్లి కనిపిస్తే పెట్టెకి పట్టినట్టే. ఇంకో పద్ధతి, కాగితానికి ఆముదం రాసి పెట్టె అడుగున పరిచి, మర్నాడు తీసి చూడటం. రాలిన నల్లి ఆముదానికి అంటుకుని ఉంటుంది. ఎక్కువగా ఉంటే గంధకం పొడి వేయాలి. పల్చటి గుడ్డలో మూటకట్టి, చట్రాల పైకర్ర మీద మెల్లగా తట్టాలి. అంతకంటే ఏమీ లేదు.

ఆ చుట్టుపక్కల పెట్టెలున్నవాళ్ళంతా నన్ను పిలిచేవాళ్ళు. తిప్పన్న నన్ను "ఈగల డాక్టర్ సాబ్" అని ఆటపట్టించేవాడు. "ఏం డాక్టర్ సాబ్, మా ఈగలకు సూదిమందేస్తవా, గోలీలిస్తవా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, అంతా ఆ ఇష్టంలోనే మొదలైందేమో అనిపిస్తుంది.

ఆ ఎండాకాలం మొదట్లో బసమ్మ పెట్టెల్లో నల్లి కనిపించింది. రెండో పంట వరికి పురుగు పట్టిన రోజులు. మేము మడిలో పురుగుమందు పొడి చల్లుతున్నాం. చల్లడానికి యంత్రాలు ఎవరి దగ్గరున్నాయి? పల్చటి గుడ్డలో పొడి మూటకట్టి, కర్ర చివర తగిలించి, పైరు మీద దులుపుకుంటూ పోవడమే. ఆ పొద్దున నేను ఆ పనిలో ఉన్నాను. నీళ్ళ వంతు మాది. తూము ఎత్తే వేళ దగ్గరపడుతోంది. పెట్టెలకి మందు వేస్తానని బసమ్మకి మాటిచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గంధకం పొట్లం జేబులో ఉంది. గుడ్డ ఇంట్లో ఉంది. ఇంటికి వెళ్ళి వస్తే నీళ్ళు పోతాయి.

నేను కర్ర చివరి మూట విప్పాను. అందులో పొడి దులిపేశాను. గుడ్డని రాయి మీద నాలుగు దెబ్బలు కొట్టాను. అందులోనే గంధకం పోసి మూటకట్టాను.

మొదటి పెట్టె మూత తీసి మూట పైకెత్తినప్పుడు నాకు వాసన వచ్చింది. ఆ వాసన తెలియనిది కాదు. ముక్కిన పిండి వాసనలా, పాతబడిన గోనెసంచి వాసనలా ఉంటుంది. గంధకానికి ఆ వాసన ఉండదు. నా చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగింది? ఒక్క ఊపిరంత. "చేతికి అంటుకున్న వాసనే అయ్యుంటుంది" అనుకున్నాను. అనుకోవడం నాకు తేలికయింది. కాలువ వైపు చూశాను. తట్టాను.

దాన్ని పొరపాటు అందామని ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను. పొరపాటంటే తెలియకుండా జరిగేది. నాకు తెలిసింది. తెలిశాక కూడా ఆరు పెట్టెలకీ తట్టాను.

నేను వెళ్ళిపోతుంటే బసమ్మ మట్టిమూకుడులో నీళ్ళూ, అందులో ఈగలు వాలడానికి గులకరాళ్ళూ వేసుకుని వస్తోంది. ఎండలకి రోజూ పెట్టెల ముందు అలా నీళ్ళు పెట్టేది. దూరం నుంచే "అయిందా తమ్మీ?" అంది. చెయ్యి ఊపాను.

మధ్యాహ్నం తిప్పన్న మనిషిని పంపాడు. నేను తోటలోకి అడుగుపెట్టే సరికి మొదట తెలిసింది, గాలిలో చప్పుడు లేదని. ఎప్పుడూ తలమీద ఉండే ఆ మోత లేదు. అది కిందికి దిగింది. నేల మీద ఉంది. మునగచెట్ల కింద మట్టి కదులుతున్నట్టు అనిపించింది. దగ్గరికి వెళితే అవి ఈగలు. ఒక్కటీ ఎగరడం లేదు. నడుస్తున్నాయి. వణుకుతూ, పడుతూ, వెల్లకిలా పడినచోటే గిర్రున తిరుగుతూ, నాలుకలు బయటపెట్టి, పెట్టెల నుంచి దూరంగా అన్నీ ఒకే వైపు. ఎటు పోతున్నాయో నాకు అర్థం కాలేదు. చెప్పులు విడిచి ఉన్నాను. ఆ మోత అరికాళ్ళ గుండా పైకి వచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది. నాకు చలేసింది. తిప్పన్న ఇంటి కోళ్ళు కంచె దగ్గర వరసగా నిలబడి చూస్తున్నాయి. ఒక్కటీ వచ్చి ముక్కు పెట్టలేదు.

పెట్టె మూత తీశాను. పట్టు మీద రాణి ఈగ ఒక్కతే తిరుగుతోంది. తొందర లేదు. ఒక్కో గదిలో తల దూర్చి చూసుకుంటూ పోతోంది, ఇల్లు సద్దుకుంటున్న మనిషిలాగా.

ఆ తర్వాత జరిగిన సంభాషణ నాకు అక్షరం పోకుండా గుర్తుంది. తిప్పన్న తల్లి కూడా అక్కడికి వచ్చింది. బసమ్మ నేల మీద కూర్చుని, ఈగల్ని అరచేతిలోకి ఎత్తుకుంటోంది.

"ఏందిది డాక్టర్ సాబ్? నీ నల్లి చంపిందా?" అన్నాడు తిప్పన్న. ఈసారి ఆ పిలుపులో ఆట లేదు.

"నల్లి ఇలా చంపదు" అన్నాను. అది నిజం.

"మరి మందు?"

"గంధకం ఎన్ని పెట్టెలకి వెయ్యలేదు! ఎక్కడా ఇలా కాలేదు." అదీ నిజమే. నిజాలు చెబుతూ ఎంత దూరం పోవచ్చో నాకు ఆ రోజు తెలిసింది.

తిప్పన్న నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవాలి. అందుకు నేను బసమ్మ వైపు తిరిగాను.

"అక్కా, నేను పోయాక నువ్వు పెట్టెల దగ్గరికి వచ్చావా?"

ఆ ప్రశ్న నేనే వేశాను. ఎవరూ వేయమనలేదు. ఆమె నీళ్ళు తీసుకుని రావడం నా కళ్ళతో చూశాను కూడా.

"వచ్చిన. నీల్లు పెట్టిన" అంది.

తిప్పన్న తల్లి గొంతు తగ్గించి అడిగింది. "నిన్న పొద్దుమూకి బయట కూసున్నవ్ గదనే? గట్లనే పోయినవా ఈడికి?"

బయట కూర్చోవడమంటే ముట్టు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు విత్తనం గాదె, పసిబిడ్డ, పాడిగేదె, తేనెపెట్టె, వీటి దగ్గరికి పోకూడదని అక్కడి ఆనవాయితీ.

బసమ్మ తల ఎత్తింది. అబద్ధం చెప్పవచ్చు. ఆమెకి అది తోచలేదు. "ఎండ గిట్ల కొడుతుంటె నీల్లు లేకుంటె సస్తయి గదత్తమ్మా. దూరం నుంచే పెట్టిన. ముట్టలే."

"సచ్చినయ్ గద ఇప్పుడు" అంది ముసలామె. "నీల్లు పెట్టకముందు సచ్చినయా, పెట్టినంక సచ్చినయా?"

బసమ్మ నా వైపు చూసింది. నేరం మోపుతూ కాదు. తెలిసినవాణ్ణని, చదువుకుని వచ్చినవాణ్ణని, అడుగుతూ చూసింది. "గట్లయితదా తమ్మీ? నువ్వు చెప్పు. నా మైలకు గిట్ల సస్తయా?"

నేను ఏం చెప్పానో రాయాలి. "నాకు తెలియదక్కా" అన్నాను.

అంతే. అయ్యింది. తిప్పన్న నీళ్ళమూకుడుని కాలితో తన్నాడు. నేను తూము దగ్గరికి వెళ్ళిపోయాను. నీళ్ళు వచ్చాయి. మడి నిండింది.

ఎందుకు చెప్పలేదు? డాక్టర్ సాబ్ పేరు పోతుందనా? తూము దగ్గర తిప్పన్నతో తగాదా వస్తే పైరు ఎండుతుందనా? రెండూను. ఇంకొకటి కూడా ఉంది. మైల మాట వాళ్ళ ఇంటి మాట, అందులో నేను తల దూర్చకూడదు అని నాకు నేను మర్యాద నేర్పుకున్నాను. ఆ మాట వాళ్ళ ఇంట్లోకి నా ప్రశ్నే తెచ్చిందని అప్పుడు ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకి తోట మీదుగా పోతుంటే బసమ్మ ఒక పెట్టెకి చెవి ఆనించి కూర్చుని కనిపించింది. రమ్మని సైగ చేసింది. వెళ్ళాను. "ఇను. లోపల గీకుతున్నరు" అంది. చెవి పెట్టాను. నిజమే. ఎండిన ఆకు మీద గోరు గీసినట్టు సన్నటి చప్పుడు. చట్రం తీశాం. పెద్ద ఈగలన్నీ పోయాక మూతల వెనక మిగిలిన పిల్లలు, ఎండ వేడికే ఎదిగి, వేళ రాగానే గదుల మూతలు కొరుక్కుని బయటికి వస్తున్నాయి. బూడిదరంగులో, మెత్తగా, రెక్కలు ఇంకా ఆరకుండా. వచ్చి పట్టు మీద నిలబడుతున్నాయి. తిండి పెట్టేవాళ్ళు లేరు. దారి చెప్పేవాళ్ళు లేరు. ఖాళీ ఇంట్లో ఒక్కొక్కటే పుడుతున్నాయి. బసమ్మ వేలు దగ్గరికి చాచి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. "నేను ముట్టద్దు. నువ్వెయ్యి తమ్మీ, ఇంత చక్కెర నీల్లు" అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. చక్కెర నీళ్ళు వేశాను. అవీ బతకలేదు. గదులలో కూడా ఆ పొడి ఉంది కదా.

నాకు ఒక అనుమానం మిగిలింది అని చెప్పుకునేవాణ్ణి. గుడ్డ దులిపాను కదా, నిజంగా దానివల్లనేనా? ఆ అనుమానం పట్టుకుని బతకవచ్చు. కానీ దాన్ని కూడా నేనే చంపుకున్నాను. మా ఇంటి వెనక నాకు ఒక పెట్టె ఉండేది. అదే గుడ్డ, దులిపి, గంధకం పోసి, దానికి తట్టాను. తట్టి ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా అవి నడవడం మొదలుపెట్టాయి. నా కాళ్ళ మీదుగా నడిచాయి. ఒక్కటీ కుట్టలేదు. కుడితే బాగుండునని కూర్చున్నాను. ఆ సాయంత్రం గుడ్డని గట్టు మీద పాతిపెట్టాను. ఇక తెలియదనడానికి వీల్లేదు. తెలిసీ నోరు విప్పని మనిషి ఎలా ఉంటాడో మీకు తెలుసా? అందరిలాగే ఉంటాడు. అన్నం తింటాడు. పిల్లల్ని ఎత్తుకుంటాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ నేను చూశాను. తిప్పన్న ఇంట్లో దూడ చచ్చింది. బసమ్మ కుడితి పెట్టింది కాబట్టి అన్నారు. అడవి ఈగలు గుంపుగా వచ్చి ఖాళీ పెట్టెల ముందు కాసేపు ఆడి, లోపలికి పోకుండా లేచిపోయేవి. ఆమె ఉన్నచోట దిగవు అన్నారు. తిప్పన్నకి లేకలేక పుట్టిన ఆడపిల్ల జ్వరంతో పోయింది. ఆ పిల్లకి బసమ్మ నీళ్ళు పోసేది. ఆ వారంలోనే ఆమెని కల్మల బస్సు ఎక్కించారు. బస్సు మా మడి పక్క రోడ్డు మీదే పోయింది. నేను కలుపు తీస్తున్నాను. తల ఎత్తలేదు.

మా ధాన్యం గాదెలో ఎలుకలు గీకినా నాకు ఆ చప్పుడే వినిపించేది. పట్టపగలు, ఇంటినిండా మనుషులుండగా, గోడ లోపల ఎవరో మూత కొరుక్కుంటున్నట్టు. మా ఆవిడని అడిగేవాణ్ణి, వినిపిస్తోందా అని. ఏమీ లేదనేది. కొన్నాళ్ళకి అడగడం మానేశాను.

ఈ ఏడు రాయచూరు గంజిలో, అదే ధాన్యం బజారులో, బస్తాలు దింపి, ఒక తెలుగు శెట్టి కొట్టు దగ్గర నిలబడ్డాను. కొట్టులో ఇద్దరు కల్మల మనుషులు బేరం ఆడుతున్నారు. ఒకడు పుచ్చు వేరుశనగ చూపించి, "ఏంది శెట్టీ, మా బసమ్మ చెయ్యి పడ్డదా దీని మీద?" అన్నాడు. ఇంకోడు పగలబడి నవ్వాడు. "ఆయమ్మ ముడితె రాయి గూడ సస్తది" అన్నాడు. శెట్టి కూడా నవ్వాడు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. అడగాల్సిన పనిలేనంతగా ఆ మాట పాతబడిపోయింది. ఒక మనిషి పేరు, నా వల్ల, పుచ్చుగింజకి పేరయింది.

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. లింగసుగూరు పోయే బస్సెక్కి కల్మలలో దిగాను.

ఆమె అన్న ఇంటి పక్క చిన్న పంచలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. "క్యాంపు తమ్మివి గదూ. మస్తు ముసలిగైనవ్" అంది. కూర్చోమంది. నీళ్ళు తేలేదు. "ఆ ఇంట్ల అడిగి తాగు. నా చేత్తోని వద్దు" అంది, చాలా మామూలుగా, వానొచ్చేలా ఉంది అన్నట్టు.

అప్పుడు చెప్పాను. గుడ్డ సంగతి, వాసన సంగతి, నా పెట్టె సంగతి. నిలబడే చెప్పాను.  

"అయితే ఈగలు సచ్చింది నా వల్ల గాదు" అంది.

"కాదక్కా. నా వల్ల."

"మరి దూడ?"

"అది నీ వల్ల కాదు. ఏదో రోగం."

"పాప?"

"జ్వరం అక్కా. నీ చెయ్యి కాదు."

"నీకేమెరుక?" అంది. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు అడిగితె తెల్వదన్నవ్. ఇప్పుడెట్ల తెలిసింది? ఈగలు నేనే చంపిన అనుకున్న గనుకనే పాపను గూడ చంపిన అనుకున్న. మా అన్న బిడ్డలు పుడితె ఒక్కన్ని ఎత్తుకోలే. ఎత్తుకుంటె సస్తరని. గది ఎవరి లెక్కల రాయాలె?"

  పోయిన పెట్టెలకి బదులు పెట్టెలు ఇవ్వవచ్చు. ఎత్తుకోని బిడ్డలు పెద్దవాళ్ళయిపోయారు. వాళ్ళలో ఒకడు వాకిట్లో సైకిల్ తుడుస్తూ మమ్మల్ని చూస్తున్నాడు.

చేతులు జోడించి వంగబోయాను. ఆమె వెనక్కి జరిగింది. "ఈడ గాదు. ఈడ నాకొక్కదానికి చెప్పి నీ పానం తేలిక చేసుకొని పోతవ్. రోడ్డు మీద నిలబడి చెప్పు. గట్టిగ చెప్పు. మా ఒదినె ఇనాలె, గిర్నీ కాడ కూసున్నోల్లు ఇనాలె."

గిర్నీ అంటే ఎదురుగా ఉన్న పిండిమర. అక్కడ మనుషులు జల్లెడలూ సంచులూ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను రోడ్డు మీదికి వచ్చాను.  ఆమె గడప దగ్గర నిలబడింది. ముఖం నా వైపు లేదు. క్షమిస్తానని అనలేదు. అనదని నాకు తెలుసు. కానీ నోరు తెరిచి మొదటి మాట అన్నప్పుడు, ఎన్నో ఏళ్ళకి నా గొంతు నాకు నా గొంతులాగే వినిపించింది. పిండిమర ఆపించి, అందరూ నా వైపు తిరిగాక, అన్నాను:

"నాది తుర్విహాళ దగ్గర క్యాంపు. బసమ్మక్క ఈగల్ని చంపింది నేను. వరికి చల్లే పురుగుమందు గుడ్డతో నేను చంపాను. తెలిసి చంపాను, తెలిసి ఆమె మీదికి నెట్టాను. ఆమె చేతిలో ఏ దోషమూ లేదు, ఎప్పుడూ లేదు. బసమ్మక్కా, తప్పు నాది. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. అయినా అడుగుతున్నాను."